పుచ్చుకొననివాని హక్కు



ఈ ఉపన్యాసనిధిని నెలకొల్పిన కుటుంబమువారు నన్ను ఆహ్వానించుచు ఒక నియమము విధించిరి. తమ పెద్దవారి పేరు వేదికపై ఉచ్చరింపవలదు. ఆయన గుణవర్ణనము చేయవలదు. ఆయన జీవితమంతయు ఏ విషయమున తలమునుకలై యుండెనో ఆ విషయమును గూర్చి మాత్రము మాటలాడిన చాలును. పల్లెటూళ్ల పొదుపుసంఘములకు జమాఖర్చుల పుస్తకములు దిద్దిపెట్టుచు, ప్రభుత్వపు గ్రాంటు అను మాట చెవిన పడగానే చిట్టా మూసి లేచిపోవు స్వభావము గలవారాయన అని చెప్పుటతోనే ఆ నియమమును ఒక అంగుళము మీరితిని, ఇక మీరను. ప్రభుత్వము ఇవ్వజూపిన సహాయమును, రాజ్యాధికారమునందలి అవిశ్వాసముచేత, ఆలోచించియే కాదనుట తగునా, సాధ్యమా, అందులోను అనంతపురమువంటి కరువునేలపై అట్టి నిరాకరణమునకు అర్థమున్నదా అనునది నేటి ప్రసంగవిషయము.

పడమటి కనుమల వానచాటున పడి నైరృతి రుతుపవనమునకు ఎడమై, సముద్రతీరమునకు దూరమై ఈశాన్య రుతుపవనమునకు కొసవిస్తరియై, సంవత్సరమునకు సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన పడు ఈ పీఠభూమిలో, ఆ సగటైనను పైరు అడిగిన దినమున పడదు. శెనక్కాయ ఊడలు దిగు వేళ మొగము చాటుచేసి, చెట్టు పెరికి కుప్ప వేసిన పిమ్మట ఒక్క రాత్రి కురిసి కాయను బూజు పట్టించిన వానలను ఈ సభలో ఎరుగనివారుండరు. ఇట్టిచోట ప్రభుత్వము ఏ రాజధానిలోనో కూర్చుండియున్న పరోక్షవస్తువు కాదు. అది ఇంటింటి గూటిలో ప్లాస్టిక్ సంచిలో చుట్టిపెట్టిన కాగితములలో కాపురమున్నది: రేషను కార్డు, పింఛను పుస్తకము, జాబుకార్డు, పంటల బీమా రసీదు, పట్టాదారు పాసుపుస్తకము. మండలమును కరువుమండలముగా ప్రకటించిరా లేదా అను ప్రశ్న, వాన పడెనా లేదా అను ప్రశ్నతో సమానముగా రచ్చకట్టపై చర్చింపబడును. అట్టి ఊరిలో ఒకడు లేచి సర్కారు దుడ్డు నాకు వలదనినచో, వానికి పిచ్చియో, ఇల్లు నిండుగనో ఉన్నదని జనము తలచుటలో తప్పేమున్నది?

రాజాశ్రయమును కాదన్నవారి వంశావళి మనకు క్రొత్తది కాదు. అన్నమాచార్యుని మనుమడగు చిన్నన్న రచించిన చరిత్రనుబట్టి, సాళువ నరసింహుడు పెనుగొండ కొలువులో ఆచార్యుని రప్పించి, వేంకటపతిపై చెప్పినట్టి పదమొకటి తనమీదను చెప్పుమని కోరగా, ఆయన చెవులు మూసికొని కాదనెనట. రాజు కోపించి సంకెళ్లు వేయించెనట. ఆ పెనుగొండ మనకు అరువు తెచ్చుకొన్న ఊరు కాదు. పోతన భాగవతమును నరాంకితము చేయలేదని లోకప్రసిద్ధి. కదిరి ప్రాంతపు కటారుపల్లిలో సమాధి యున్న వేమన రాజులను లెక్కచేయనివాడని పసిబిడ్డలకును తెలియును. అయినను ఈ వంశావళిని అడ్డము పెట్టుకొని నేటి ప్రశ్నకు బదులు చెప్పజూచువారితో నేను ఏకీభవింపజాలను. కవి కాదన్నది సత్కారమును. రైతు కాదనవలసినది ఎద్దుల గ్రాసమును. కవికి వెనుక మరియొక ప్రభువున్నాడు, ఆ ప్రభువునకు గుడి యున్నది, గుడికి మాన్యములున్నవి. అదియును గాక కవి ఒంటరిగా కాదనినాడు. ఆ కాదనుటకు మూల్యము చెల్లించినవారెవరో కథకులు వ్రాయలేదు. భాగవతాంకితమును గూర్చి పోతన ఇల్లాలిని ఎవరేని ఒక్క మాట అడిగిరా అని నాకు చిరకాలముగా సందేహము.

కావున కవులను వారి పీఠములపైననే ఉండనిచ్చి, కరువు కాగితములను తిరగవేయుదము. 1876వ సంవత్సరము, ధాతకరువు. అనంతపురము అప్పటికి వేరు జిల్లా కాలేదు, బళ్లారిలో అంతర్భాగము, 1882లోగాని విడివడలేదు. మదరాసు రాష్ట్రమున ఆ కరువు మిక్కిలి తీవ్రముగా తాకిన తావులలో బళ్లారి జిల్లా ఒకటి. గవర్నరు బకింగ్‌హాం ప్రభువు మొదట ధాన్యము కొనిపించి నిలువచేయ యత్నింపగా, వైస్రాయి లిట్టన్ ప్రభుత్వము ఆక్షేపించినది. ధాన్యవ్యాపారమున ప్రభుత్వము చేయిపెట్టరాదు, పెట్టినచో వర్తకులు జంకుదురు, ధరలు తమంతట తామే ధాన్యమును కరువుసీమలకు ఈడ్చుకొనివచ్చును అనునది ఆ ప్రభుత్వపు సిద్ధాంతము. ధరలు ధాన్యమును ఈడ్చుకొనివచ్చినమాట నిజమే. రైలుబండ్లు మూటలు దించినవి. కొనుటకు కూలివాని చేతిలో కాసులేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటించు దర్బారు మహావైభవముగా జరిగినది. ఆ నెలలోనే సర్ రిచర్డ్ టెంపుల్ పొదుపు నేర్పుటకై మదరాసునకు పంపబడి, కరువుపనులలో రాళ్లు కొట్టువాని దినకూలిని ఒక పౌను ధాన్యపు వెలకును, దానిపై స్వల్పమైన చిల్లరకును కుదించెను. పౌననగా మన తూకమున అరకిలో కూడ కాదు. మదరాసు పారిశుద్ధ్యాధికారి డాక్టరు కార్నిష్, ఈ తిండితో రాళ్లు కొట్టు మనుష్యుడు బ్రదుకజాలడని నివేదిక వెంబడి నివేదిక వ్రాసి పోరాడవలసివచ్చినది. ఆ సంవత్సరమే కూలిని పెంచిరి. అప్పటికి పోయినవారు పోయిరి.

ఇందు గమనింపదగిన విపరీతమొకటి కలదు. ప్రభుత్వసహాయము ప్రజలను చెరచును, సోమరులను చేయును, సహజవ్యాపారమును వికలము చేయును అను వాదమును ధాతకరువులో అందరికన్న గట్టిగా పట్టుకొన్నవారు ఏ రాజ్యవ్యతిరేకులును కారు, రాజ్యము నడుపువారే. శిస్తు వసూలు చేయు వేళ ప్రతి పొలమునను కనబడు ప్రభుత్వము, గంజి పోయు వేళ మాత్రము తాను లేకుండుటయే మేలని ప్రకటించుకొన్నది. మరియొకవంక, సహాయమును వలదన్న బీదలును అప్పుడుండిరి. వండిపెట్టు అన్నము కులభయముచేత ముట్టజాలక, ఇల్లు విడిచి శిబిరము చేరుటకు మనసొప్పక, ఇండ్లకడనే చచ్చినవారున్నారని ఆనాటి నివేదికలే చెప్పుచున్నవి. వారిని స్వాతంత్ర్యవీరులని పొగడుటకు నాకు నోరాడదు, తెలివిలేనివారనుటకును నోరాడదు. శిబిరమున పేరు వ్రాయించుకొనుట అనగా తన ఊరిని, తన వరుసలను, తన మాటను గుమ్మము వెలుపల విడిచిపెట్టి లోనికి పోవుట అని వారెరుగుదురు.

ఈ కథనుబట్టి నాకు తోచిన దొక్కటి. సహాయమును కాదను హక్కు పుచ్చుకొనువానిది, ఇచ్చువానిది కాదు. ఇవ్వవలసినవాడు అదే సూత్రమును వల్లించినపుడు అది సిద్ధాంతము కాక ఎగవేత యగును. ఇక పుచ్చుకొనువాని హక్కు కాగితముపై ఎంత పవిత్రమైనను, వానికి వేరొక గాదె యున్నప్పుడుగాని చెల్లదు. గాదె లేనివాడు వలదనుట హక్కును వాడుకొనుట కాదు, ప్రాణమును ఒడ్డుట. ఈ రెండవమాటయే నేటి ప్రసంగమున నేను మీయెదుట పెట్టదలచిన అసలు మాట.

దీనికి నాకు తెలిసిన స్పష్టమైన నిదర్శనము మన దేశమున లేదు. అమెరికాలో అమిష్ అను సేద్యగాండ్ర క్రైస్తవసమాజమున కలదు. వారు గుర్రములతో దున్నుదురు, విద్యుత్తీగ ఇంటికి రానీయరు, వృద్ధులను, వితంతువులను, ఇల్లు కాలినవారిని తమ సంఘమే సాకవలెనను నిష్ఠ గలవారు. సామాజిక భద్రతాపథకము 1955లో సొంత సేద్యగాండ్రకును వర్తించినప్పుడు, ఆ పింఛను మేము పుచ్చుకొనము, కావున దానికై పన్నును చెల్లింపము అని వారు నిలిచిరి. పుచ్చుకొనము అనుటతో ఆగక చెల్లింపము అనికూడ అనుటలో ఒక నిజాయితీ యున్నది. మనలో పన్ను ఎగవేసి పథకము మాత్రము వదలనివారిని చూచి చూచి అలసిన కన్నులకు అది చల్లగా తోచును. 1961 వసంతమున పెన్సిల్వేనియాలో వాలెంటైన్ బైలర్ అను రైతు దుక్కి దున్నుచుండగా, పన్నుల అధికారులు పొలములోనికే వచ్చి మూడు గుర్రములను విప్పుకొనిపోయి వేలము వేసిరి. దుక్కి వేళ కాడి విప్పించుట ఎట్టి అవమానమో అనంతపురపు సభకు నేను వివరింపనక్కరలేదు. దేశమంతట పత్రికలు మండిపడినవి. 1965లో అమెరికా శాసనసభ వారికి మినహాయింపు ఇచ్చినది. ఇచ్చుచు ఒక షరతు పెట్టినది. ఆ మతశాఖ 1950 చివరినాటికే స్థాపితమై యుండవలెను, అప్పటినుండియు తనపై ఆధారపడినవారిని తగినవిధముగా పోషించుకొనుచు ఉండవలెను. అనగా, నీకు వలదనుటకు హక్కున్నది గాని, నీ ముసలివారిని ఎవరు చూచుచున్నారో ముందు చూపుము అని చట్టమే అడిగినది. ఇంతకన్న న్యాయమైన ప్రశ్నను ఏ ప్రభుత్వమైనను తన విరోధిని అడిగియుండునని నేననుకొనను.

ఒంటరిగా కాదన్నవారి గతి వేరు. రాజ్యమే వలదని జీవితమంతయు వాదించిన రష్యాదేశీయుడు క్రొపాట్కిన్, 1917లో కెరెన్‌స్కీ ఇవ్వజూపిన మంత్రిపదవిని కాదనెను. తరువాత వచ్చిన బోల్షివిక్ ప్రభుత్వపు ప్రచురణసంస్థ తన గ్రంథములకై ఇవ్వజూపిన సొమ్మునుకూడ కాదని, ద్మిత్రోవ్ అను చిన్న ఊరిలో అరకొర తిండితో వార్ధక్యము గడిపి 1921లో కన్నుమూసెను. మహానుభావుడు. కాని అందరిని ఆ బాటను నడువుడని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

మన సీమకు తిరిగివత్తము. రాజ్యము మన చేతిలోని పనిని సహాయరూపమున ఎట్లు తీసికొనిపోవునో చూడదలచినవారు మన చెరువుకట్టలపై ఒకసారి నడచి రావలెను. 1800లో నిజాము దత్తము చేసిన ఈ మండలములలో దశబంధపు ఇనాములని యుండెడివి: చెరువు త్రవ్వించినవానికో, మరమ్మతు భారము వహించినవానికో ఆయకట్టున కొంత భూమి, లేదా శిస్తులో కొంత తగ్గింపు. నీరుగంటి వంతులవారీగా తూము తెరచెడివాడు. పూడిక తీయుటకు ఊరు కదలెడిది. కుంఫిణీ పాలనమునందును, తదనంతరమునను ఇనాములు పరిష్కారము పేర కరగినవి, మరమ్మతు మరామత్తుశాఖ చేతికి పోయినది. నేడు కట్టకు గండి పడినచో ఊరివారు గంపలతో పోరు, అర్జీతో పోవుదురు. అంచనా తయారగువరకు, టెండరు పిలుచువరకు, నీరు ఆగునా? సోమరితనమని వారిని నిందించుట సులభము. కట్ట శాఖవారిదై, అనుమతిలేక దానిపై మట్టి పోసినవాడు నేరస్థుడగు అవకాశమున్నచోట మట్టి పోయకుండుట సోమరితనము కాదు, లోకజ్ఞానము.

అట్లని పూర్వపు ఊరిని నేను దివ్యలోకముగా వర్ణింపబోను. ఈ పట్టణపు ప్రక్కనే యున్న బుక్కరాయసముద్రపు చెరువు తెగబోగా కోడలు ముసలమ్మ బలియైన కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు కావ్యముగా వ్రాసిరి. విద్యార్థిదశలో నాకది త్యాగమహిమగా బోధింపబడినది. ఏ సర్కారుకును అర్జీ పెట్టుకొనక తన గండిని తానే పూడ్చుకొన్న ఊరది. పూడ్చినది మాత్రము ఒక ఆడుబిడ్డతో. రాజ్యమును కాదన్నంతమాత్రమున బలవంతుని చేయి మాయమైపోదు. అది ఊరిపెద్ద చేయిగా, కులపెద్ద చేయిగా, మామగారి చేయిగా మిగులును. రాజ్యవ్యతిరేకులు ఈ చిక్కును తరచు దాటవేయుదురు. మన వాదము దీనిని దాటవేయక మోయవలసియున్నది.

ఇక సహకారోద్యమమునకు వచ్చుచున్నాను. ఇదియే ఈ నిధి నెలకొల్పబడుటకు కారణమైనవారి క్షేత్రము. సహకారమనునది జన్మించిన నాడే ఈ వివాదము జన్మించినది. 1860 ప్రాంతమున జర్మనీలో షుల్జె-డెలిచ్ అను న్యాయవేత్త, చేతిపనివారు తమ కాసులతోనే తమ బ్యాంకులు నడుపుకొనవలెను, ప్రభుత్వపు సొమ్ము ఒక్క కాసైనను ముట్టరాదు అని పట్టుపట్టగా, లసాల్ అను సామ్యవాది, పేదవాని కాసులతో ఏమగును, రాజ్యమే మూలధనము పెట్టవలెను అని ఎదురు నిలిచెను. ఇద్దరిలోను సత్యమున్నది, నూటయరువది యేండ్లు గడచినను తీర్పు వెలువడలేదు. మదరాసు ప్రభుత్వము ఫ్రెడరిక్ నికల్సన్‌ను ఐరోపాకు పంపి 1895, 1897లలో నివేదికలు వ్రాయించుకొన్నది. 1904లో సహకార పరపతిసంఘముల చట్టము వచ్చినది. సంఘము ప్రజలదే, కాని దానిని పుట్టించువాడును, తనిఖీ చేయువాడును, చంపువాడును రిజిస్ట్రారు. 1954లో గోర్వాలా సంఘపు గ్రామీణ పరపతి పరిశీలనము వెలువడి, సహకారసంఘములలో రాజ్యమే వాటాదారుగా చేరవలెనని సిఫారసు చేసినది. ఉద్దేశము మంచిదే. లసాల్ గెలిచెను. పిదప జరిగినది మీలో పలువురు కన్నులార చూచినదే. వాటాధనముతో వాటాదారు వచ్చెను, వాటాదారుతో నామినేటెడు సభ్యుడు వచ్చెను. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము చేతబట్టుకొని, పాలకవర్గమును రద్దుచేసి పర్సన్ ఇన్‌చార్జిని కూర్చుండబెట్టుట, ఎన్నికలను తమకు అనుకూలమైన ఋతువు వచ్చువరకు వాయిదా వేయుట ఏ పార్టీ అధికారమున నున్నను ఆనవాయితీ అయినది. రైతు మాత్రము దానిని సొసైటీ అనుట మాని సర్కారు అప్పు అనుట మొదలుపెట్టెను. సర్కారు అప్పును ఎవరు తీర్చుదురు? ఎన్నికల ముందు మాఫీ వచ్చునుగదా.

దీనికి విరుగుడు నాటి మన ఉమ్మడి రాష్ట్రమునుండియే వచ్చినది. హైదరాబాదున నేడు సహవికాస అను పేరుతో నున్న సంస్థ వారు, వారిలో ముఖ్యులైన రామారెడ్డిగారు, శశి రాజగోపాలన్‌గారు మొదలైనవారు ఏండ్ల తరబడి పోరిన ఫలితముగా 1995లో పరస్పర సహాయ సహకారసంఘముల చట్టము శాసనసభలో నెగ్గినది. దేశమున అట్టి చట్టమిదియే మొదటిది. ఊళ్లలో దీనిని మ్యాక్స్ చట్టమందురు. దాని ఆయువుపట్టు ఒక్క నిబంధనలో నున్నది: ఈ చట్టము క్రింద నున్న సంఘము ప్రభుత్వపు వాటాధనము తీసికొనరాదు, పాతసంఘమేదేని ఇందులోనికి రాదలచినచో ఆ ధనమును ముందు తిరిగి చెల్లించి రావలెను. బదులుగా ప్రభుత్వము పాలకవర్గమును రద్దుచేయజాలదు, తన మనుష్యుని కూర్చుండబెట్టజాలదు, బైలాలను తిరిగివ్రాయజాలదు. స్వాతంత్ర్యమునకు వెల కట్టి, ఆ వెల చెల్లింపుడు, తీసికొనిపొండు అని ఇంత సూటిగా చెప్పిన శాసనము మరియొకటి నా ఎరుకలో లేదు.

చెన్నేకొత్తపల్లి ప్రాంతమున 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అను సంస్థవారి ప్రోద్బలముతో ఎదిగిన మహిళల పొదుపుసంఘములు ఈ చట్టము క్రిందివే. సి.కె. గంగూలీగారు, మేరీ వట్టమట్టంగారు మొదలగువారు ముప్పదిరెండు ఎకరముల బీడు కొని పచ్చచేయుటతో ఆ కథ ఆరంభమైనది. అది వేరే ప్రసంగమునకు తగినంత యున్నది. మ్యాక్స్ సంఘపు నెలసరి సమావేశమొకటి నేను మన జిల్లాలోనే దగ్గర కూర్చుండి చూచితిని. చాపపై రేకుపెట్టె, పెట్టె తాళపుచెవి ఒకామె కొంగుముడిలో, లెక్క పుస్తకము మరియొకామె ఒడిలో. పొదుపు కట్టినవారి పేరు చదువగానే పాసుపుస్తకము చేతులు మారును. అప్పు కావలసినామె లేచి నిలువబడి ఎందులకో అందరు వినునట్లు చెప్పవలెను. ఆ దినమున ఒకామె బోరుమోటారు కాలినదనినది. వెంటనే వెనుకనుండి ఇంకొకామె, “పోయిన తూరి తీసుకున్యావే, ఆ దుడ్డు మోటారుకేనా, మీ ఆయప్ప మందుకా?” అని అడిగినది. నవ్వులు. అడిగించుకొన్నామె నవ్వలేదు, కండక్టరు ఇచ్చిన రసీదువలె మడిచిన మెకానికు చీటీని రవికెలోనుండి తీసి చూపినది. ఇద్దరు జామీను నిలిచిరి. అప్పు మంజూరయినది. ఏ బ్యాంకు మేనేజరును ఆ ప్రశ్న అడుగజాలడు, అడుగకూడదుకూడ. అడుగుటకు ఆమెకు గల హక్కు, పెట్టెలో తన దుడ్డుకూడ ఉండుటవలన వచ్చినది. ముసలమ్మ ఊరిలో కోడలికి లేనిది ఈ చాపమీద కోడండ్రకు దక్కినది. నిలువబడి బదులు చెప్పుటయే కాదు, ఎదురు ప్రశ్న వేయుటయును.

అయినను వీరి నిరాకరణము వెల లేనిది కాదు. ప్రభుత్వము డ్వాక్రా సంఘములకు పావలా వడ్డీ ప్రకటించిన నాడు, ఆ పథకమునకు వెలుపల నున్న సంఘములలో, మనము నెలకు నూటికి ఇంత కట్టుచున్నామే, ప్రక్కవీధి సంఘమునకు పావలాయేనటగా అను సణుగుడు పుట్టినది. ప్రక్కవీధి సంఘమువారు మంత్రిగారి సభకు లారీలెక్కి పోవలసివచ్చుచున్నది గదా అని సమాధానము. పోయిననేమి, ఒక పూట కూలియేగదా అని ప్రత్యుత్తరము. ఈ ప్రత్యుత్తరమును తేలికగా కొట్టివేయకుడు. కూలిజనపు గణితము మన గణితముకన్న సూక్ష్మమైనది.

రాజ్యము ఊరక చూచుచుండినదనియు తలపవలదు. 2006లో ఒక సవరణచట్టము తెచ్చి, మ్యాక్స్ క్రింద నున్న పాలసంఘములను మరల 1964 చట్టపు గొడుగు క్రిందికి లాగ యత్నించినది. హైకోర్టు కొట్టివేసినది, 2011 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించినది. సహకారసంఘము స్థాపించుకొను హక్కు 97వ రాజ్యాంగసవరణము ద్వారా ప్రాథమికహక్కులలో చేరినది. విప్పుకొనిపోయిన కాడిగుర్రములు ఈసారి మాత్రము తిరిగి వచ్చినవన్నమాట.

సర్వోదయమును గూర్చి ఒక్క మాట చెప్పి ముందునకు పోవుదును. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో భూదానము నారంభించిన వినోబా, శాసనముక్తిని గమ్యముగా చెప్పుచు, 1956లో పళనిలో గాంధీనిధి సొమ్ముతో నడుచు భూదానసమితులను సైతము రద్దుచేయించెను. ధైర్యమైన పని, తరువాతి యేండ్లలో ఉద్యమము చిక్కిపోవుటకును అదియొక కారణమని వాదించువారున్నారు. అదే కాలమున ఖద్దరు ప్రభుత్వపు రాయితీపై ఒరిగిపోయి, రాయితీతోనే ముసలిదైనది. ఈ రెంటిలో ఏది మేలో నేటికిని నాకు తేలలేదు.

రాయలసీమ రాజకీయమున ఈ నిరాకరణధోరణి ఎన్నడును ప్రధానస్వరము కాలేదని ఒప్పుకొనవలెను. 1937 నవంబరు 16 నాటి శ్రీబాగు ఒడంబడిక మొదలు హంద్రీ-నీవా ఉద్యమము వరకు మనవారు అడిగినది రాజ్యము తొలగిపొమ్మని కాదు, రమ్మని, నీరు తెమ్మని. 1969లో శాసనసభ్యత్వమును త్యజించిన తరిమెల నాగిరెడ్డిగారికి ఈ రాజ్యమున నమ్మకము లేదు గాని, బీదవానికి అందు రొట్టెముక్కను వదలుకొమ్మని ఆయన ఎన్నడును చెప్పలేదు. ఆయన అనుయాయులు నన్ను అడుగుదురు: కరువునిధి మా సొమ్మే గదా, శిస్తుగా, సుంకముగా, ఉప్పుపన్నుగా మా తాతలనుండి పిండినదే గదా, తిరిగివచ్చుచుండగా వలదనుట దాత ఎదుట అభిమానము చూపుటయా, దొంగకు సొమ్ము విడిచిపెట్టుటయా? దీనికి నా దగ్గర ఖండనము లేదు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలము బండ్లపల్లిలో ప్రధాని ప్రారంభించిన ఉపాధిహామీ, మనవారి నోట కరువుపని, చట్టముచేత అడిగి పుచ్చుకొను హక్కుగా వచ్చినది. దానిని కాదనుటకు నాకు కారణము కనబడదు. పని అడిగినవానికి పని చూపుమని శాసించు కాగితమునకును, మన పాలకవర్గమును రద్దుచేయు అధికారమును వెంటబెట్టుకొని వచ్చు చెక్కునకును భేదమున్నది. పుచ్చుకొనువాని తలను ఎవరి వాకిట వంచునో చూచి ఎంచుకొనవలసినదే గాని, సర్కారు ముద్ర యున్నదెల్ల విషమను నిష్ఠ నాకు లేదు.

సమష్టిగా కాదన్నవారికిని ఎక్కడ కాలు జారునో చీరాల-పేరాల చెప్పినది. మునిసిపాలిటీ పన్ను మేము చెల్లింపము, మీ మునిసిపాలిటీయే మాకు వలదు అని 1921లో ఆ జంటగ్రామముల జనము దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచి, ఎల్లల వెలుపల రామనగరమను పాకల పట్టణము కట్టుకొని పదునొకండు మాసములు నిలిచిరి. వారిది ఆంధ్రదేశమున రాజ్యనిరాకరణపు పరాకాష్ఠ. ధైర్యము తరిగి వారు వెనుకకు రాలేదు. నాయకుడు జైలులో, నేత మగ్గములు పాకలలో, వెలుపలినుండి వచ్చు ధనము నిలువక వచ్చిరి.

ఇదే చిక్కు మన పీఠభూమిలో మరింత కఠినరూపమున నున్నది. ఒక ఇల్లు కాలినప్పుడు తక్కిన ఇండ్లు దానిని నిలబెట్టగలవు. వాన తప్పినప్పుడు అందరి ఇండ్లును ఒక్కసారియే కాలును. అందరు కట్టవలసిన నెలలోనే అందరు అప్పు అడుగుదురు. ఒక ఊరి పెట్టె ఎంత నిజాయితీతో నడచినను వరుసగా మూడు కరువులకు ఆగదు. అమిష్‌వారి సంఘములు దేశమున దూరదూర రాష్ట్రములలో పరచుకొనియున్నవి. ఒకచోట పంట పోయిన మరియొకచోట పండును. మన పొదుపుసంఘముల సమాఖ్యలు మండలమునకో, నాలుగు మండలములకో ఎదిగినవి. ఆ మండలములన్నింటిపైనను ఉన్నది ఒకే ఆకాశము. కావున నేను సంఘముల పెద్దలను కోరునది స్పష్టమైనది. మన నిలువధనములో ఒక భాగము తుంగభద్ర ఆయకట్టులోని సంఘములతో, కృష్ణా గోదావరి డెల్టాలలోని సంఘములతో, ముల్కనూరువంటి తెలంగాణపు పాతసంఘములతో పరస్పరపు ఒప్పందమున ఉండవలెను. మాకు వాన తప్పిన యేట వారి పెట్టె మాకు తెరువబడవలెను. వారికి తుఫాను వచ్చిన యేట మా పెట్టె వారికి. వడ్డీ ఎంత, మితి ఎంత, ఎన్ని నెలలకు తిరిగి కట్టవలెను, కరువని నిర్ణయించునది ఎవరు? తహసీలుదారుని ప్రకటనమా, మన సొంత వానకొలతయా? ఈ చివరి ప్రశ్నకు సంఘములే బదులు వ్రాసికొనవలసియున్నది. ప్రతి ఊరిలోను ఒక వర్షమాపకమును సంఘపు గది ముంగిట నిలుపుటకు పెద్ద వ్యయము కాదు. దాని అంకెలను ప్రతిదినము వ్రాయుటకు మనిషి కావలెను. రాబోవు మహాజనసభలో ఈ రెండంశములను, రాష్ట్రములు దాటిన నిలువధనపు ఒప్పందమును, సొంత వానలెక్కను, బైలాలలో చేర్చుటకై ప్రతిపాదింపుడని సమాఖ్యల కార్యదర్శులను ఈ వేదికనుండి వేడుచున్నాను.